వినేవాళ్లు దొరికిన చోట

మా మేనత్తది బంట్వారం. వికారాబాద్‌లో రైలు దిగి బస్సెక్కితే దారికి రెండు పక్కలా కంది చేలు, పత్తి చేలు. కర్ణాటక ఎంతో దూరం లేదు. అందుకే బస్సులో తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ కూడా చెవిన పడుతుంటాయి. పోయిన శ్రావణంలో ఓ ఆదివారం బయల్దేరి వెళ్లాను, గురువారం దాకా ఉండొద్దామని.

అత్త ఇంటికి వెళ్లడమంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒకటే లెక్క. చేరిన పూట నాటుకోడి కూర, జొన్నరొట్టె. ఈసారి రొట్టె ఉంది గానీ పక్కన తోటకూర పప్పు ఉంది. నా మొహం చూసి అత్తే చెప్పింది.

“ఇంట్ల నీసు బందు వెట్టిన అల్లుడా. ఆర్నెల్లాయె.”

అప్పుడు చూశాను ఇల్లంతా. గోడమీద మామయ్య ఫోటోకీ, అనంతగిరి స్వామి క్యాలెండరుకీ మధ్య కొత్త ఫ్రేమొకటి వచ్చింది. అందులో ఎవరో గురువు. ఫోటోకి తాజా బంతిపూల దండ. మూలన చుట్టిపెట్టిన పెద్ద చాపలు, వాటి పక్కన బోర్లించిన ముప్ఫై స్టీలు గ్లాసులు. ప్రతి గురువారం సాయంత్రం అత్త ఇంట్లో సత్సంగమట. ఆ గురువు పేరూ, ఆ సంస్థ పేరూ ఇక్కడ రాయను. ఈ కథ ఏ ఒక్క గురువుదీ కాదు. మీ వీధిలోనూ ఇలాంటి చాపలు పరిచే ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది.

అన్నం తిన్నాక బావ నన్ను పెరట్లోకి పిలిచాడు. బావ అంటే అత్త కొడుకు. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తాడు, కాపురం కూడా అక్కడే. ఆదివారం ఆదివారం వచ్చి తల్లిని చూసి పోతాడు.

“అమ్మ గోళీలు ఆపేసింది. షుగర్‌వి, బీపీవి రెండూ. నెల దాటింది. అడిగితే, ధ్యానం చేస్తే తక్కువైతదట. నువ్వు చదువుకున్నోనివి. నువ్వు జెర గట్టిగ చెప్పు. లేకుంటే ఆ ఫోటో తీసి అవతల పారేస్త.”

నాకూ కోపం వచ్చింది. పన్నెండేళ్లుగా షుగర్ ఉన్న మనిషి, అరవై ఏడేళ్ల వయసు, ఉన్నట్టుండి మందులు మానేయడమేమిటి? రేపు కాలికో, కంటికో, కిడ్నీకో వస్తే? ఇవాళే నాలుగు దులిపేద్దామనుకుంటూ ఇంట్లోకి వెళ్లాను.

అరుగు మీద మాట

రాత్రి అరుగు మీద కూర్చున్నాం. నేను నోరు తెరవకముందే అత్త మొదలుపెట్టింది.

“వాడు నీకు చెప్పిండు గదా? నాకు తెల్సు. చూడు బిడ్డా, మీ మామ పోయి మూడేండ్లాయె. పొద్దుమూకితే ఈ ఇంట్ల నేను, ఆ టీవీ. వీడు ఆదివారం వస్తడు. ‘గోళీ వేసుకున్నవా’ అని అడుగుతడు, పోతడు. గురువారం వచ్చేటోళ్లు ‘అమ్మా, నిద్ర పట్టిందా’ అని అడుగుతరు.”

నా దగ్గర జవాబు లేదు.

కొంచెంసేపాగి ఆమే అన్నది: “నలుగుర్ల నోరు తెర్వనిదాన్ని. ఇప్పుడు ముప్పై మంది ముంగట భజన నేనే అందుకుంట. ఇంకో మాట. మీ బావ యేడాదికోపాలి అయ్యప్ప మాల వేస్తడు. నలభై ఒక్క దినాలు నా కొడుకుని నేనే ‘స్వామీ’ అని పిలుస్త. వద్దన్ననా? మరి నన్నెవరన్న ‘అమ్మా’ అని గౌరవంగ పిలిస్తే వీనికేం నొప్పి?”

ఈ మాటలు మనవాళ్లు వినాలి. కొత్త గురువుల గురించి మనం మాట్లాడుకునేటప్పుడు సాధారణంగా రెండే రకాలుగా మాట్లాడతాం. భక్తులైతే “మా గురువుగారి మహిమ” అంటారు. కానివాళ్లయితే “అమాయకుల్ని బుట్టలో వేసుకున్నారు” అంటారు. అత్త చెప్పినదాంట్లో మహిమ లేదు, బుట్టా లేదు. సాయంత్రాలు ఒంటరిగా గడుస్తున్న ఒక ఇల్లు, కుశలం అడిగే ఒక మనిషి, ఆమెకంటూ ఒక పని ఉన్నాయి.

సమాజశాస్త్రం చదివినవాళ్లు ఈ సంగతిని ఎప్పుడో పట్టుకున్నారు. 1960ల మొదట్లో అమెరికా పడమటి తీరంలో, కొరియా నుంచి వచ్చిన ఒక కొత్త మతబృందాన్ని జాన్ లోఫ్లాండ్, రాడ్నీ స్టార్క్ అనే ఇద్దరు పరిశోధకులు దగ్గరుండి గమనించారు. మనుషులు అందులో ఎలా చేరుతున్నారన్నది వాళ్ల ప్రశ్న. 1965లో వాళ్లు ప్రచురించిన వ్యాసం సారాంశం ఇది: ఉపన్యాసాలు, కరపత్రాలు చూసి చేరేవాళ్లు తక్కువ. అప్పటికే అందులో ఉన్న ఒకరితో స్నేహం కుదిరినవాళ్లు, బయట పట్టి ఉంచే బంధాలు పలచబడినవాళ్లు చేరతారు. ముందు మనిషి దగ్గరవుతాడు, తరవాత సిద్ధాంతం వంటబడుతుంది.

అత్త విషయంలోనూ అంతే. ఆ గురువు పుస్తకం ఆమె చదవలేదు. మామయ్య పోయిన కొత్తలో రోజూ వచ్చి పక్కన కూర్చున్న ఎదురింటి ఆవిడే ఆమెను మొదటిసారి సత్సంగానికి తీసుకెళ్లింది. ఆ ఎదురింటావిడ వేరే గురువు దగ్గరికి వెళ్తూ ఉంటే అత్త ఇంటి గోడమీద ఇవాళ వేరే ఫోటో ఉండేది.

కొత్తదే కానీ, కొత్త కాదు

“మన పెద్దల కాలంలో ఇవన్నీ ఉన్నాయా?” అని బావ ప్రశ్న. ఉన్నాయి. ఈ ప్రాంతంలో మరీ ఉన్నాయి.

తాండూరు, వికారాబాద్ వైపు లింగాయతుల ఇళ్లు చాలా కనిపిస్తాయి. వాళ్లు కొలిచే బసవన్న 12వ శతాబ్దంలో కల్యాణంలో బిజ్జలుడి కొలువులో పనిచేసినవాడు. ఆ కల్యాణమే ఇప్పటి బీదర్ జిల్లాలోని బసవకల్యాణ్. గుడికెళ్లే అవసరం లేకుండా లింగాన్ని మెడలోనే కట్టుకోమన్నారు. కులం చూడొద్దన్నారు. బ్రాహ్మణ ఇంటి పిల్లకూ, చెప్పులు కుట్టే ఇంటి పిల్లవాడికీ పెళ్లి చేయడంతో కల్యాణం భగ్గుమన్నదని చెప్పుకుంటారు. ఆనాటి పెద్దమనుషుల కంటికి అది కొత్తగా పుట్టుకొచ్చిన మతమే. తరవాత పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవ పురాణం రాస్తే అది తెలుగువారి సాహిత్యమయింది. ఎనిమిది వందల ఏళ్ల తరవాత కూడా ఆ ప్రశ్న తేలలేదు. లింగాయతులకు ప్రత్యేక మతంగా గుర్తింపు ఇవ్వాలని కర్ణాటక ప్రభుత్వం 2018 మార్చిలో కేంద్రానికి సిఫారసు చేసింది. దాని మీద ఎంత రగడ జరిగిందో పత్రికలు చదివేవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

అదే బీదర్ జిల్లాలో హుమ్నాబాద్ పక్కన మాణిక్‌నగర్ ఉంది. మాణిక్ ప్రభు (1817-1865) అక్కడే సమాధి అయ్యారు. అన్ని మతాలూ ఆమోదయోగ్యమేనన్న ఆయన సంప్రదాయానికి ‘సకలమత’ అని పేరు. నిజాం రాజ్యంలో హిందువులూ, ముస్లింలూ కూడా ఆయన దర్బారుకు వెళ్లేవారు.

మరీ దగ్గరి ఉదాహరణ యానగుంది మాణికేశ్వరి మాత. కర్ణాటక సరిహద్దులో, సేడం తాలూకాలోని కొండమీద ఆమె ఆశ్రమం. మహాశివరాత్రికీ, గురుపూర్ణిమకూ ఆమె దర్శనమిస్తారని కర్ణాటకతో పాటు మన వైపు నుంచీ జనం పోయేవారు. ఆమె ఆహారం తీసుకోరని భక్తుల నమ్మకం. 2020 మార్చి 7న ఆమె కన్నుమూశారు. మా అత్త కూడా పెళ్లయిన కొత్తలో మామయ్యతో కలిసి ఒకసారి ఆ కొండెక్కిందట. ఆ సంగతి చెప్పినప్పుడు అత్త కళ్లలో మెరిసింది దర్శనం మాత్రమే కాదు. మామయ్యతో కలిసి చేసిన ప్రయాణం కూడా.

అంటే, ఉన్న గుడీ, ఉన్న ఆచారమూ తనను పూర్తిగా పట్టించుకోనప్పుడు మనిషి మరో వాకిలి వెతుక్కోవడం ఈ నేలకు అలవాటే. అయితే ఇప్పటి దానికీ అప్పటి దానికీ తేడా ఏమీ లేదా? ఉంది.

ఊరి దేవతను మనం ఎంచుకోం. పోచమ్మ, మైసమ్మ మనం పుట్టకముందు నుంచే ఊళ్లో ఉన్నారు. బోనం ఎవరు ముందు ఎత్తాలి, డప్పు ఎవరు కొట్టాలి, మొదటి మర్యాద ఎవరిది అన్నది కూడా పుట్టుకతోనే తేలిపోయింది. పీర్ల పండుగలో పీరు ఎత్తే వంతు కూడా అలాగే వస్తుంది. కొత్త గురువును మాత్రం మనిషి తానే ఎంచుకుంటాడు. అక్కడ చాప మీద ముందొచ్చినవాళ్లు ముందు కూర్చుంటారు. మాలధారణలో డ్రైవరైనా, దొరైనా ‘స్వామి’ అయినట్టే ఇక్కడ అందరూ అమ్మలూ, అక్కలూ.

నిజంగానే అందరూనా? గురువారం దాకా ఉన్నాను కాబట్టి చూశాను. మాదిగవాడ నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. మిగతావాళ్లతో కలిసే కూర్చున్నారు, భజన చేశారు. ఊరి గుడి మెట్ల దగ్గర ఆగిపోయిన వాళ్ల అమ్మమ్మలతో పోలిస్తే ఇది చిన్న మార్పు కాదు. కానీ చివర్లో ప్రసాదం వండినవాళ్లూ, పంచినవాళ్లూ ఎవరంటే, వాళ్లిద్దరూ కారు. అత్తనడిగితే, “ఎవ్వలు వద్దనలే. వాళ్లే ముంగటికి రారు” అన్నది. కాసేపటికి తనే, “రమ్మని కూడా ఎవ్వలనలే” అని గొణిగింది. కొత్త చాప పాత నేల మీదే పరుస్తారు మరి.

కడ్తాల్ నుంచి కన్హా దాకా

మన హైదరాబాద్ చుట్టుపక్కల చూస్తే, గత 30, 40 ఏళ్లలో ఈ కొత్త దారులు ఎంత పెద్దవయ్యాయో తెలుస్తుంది. బోధన్‌లో 1947లో పుట్టిన సుభాష్ పత్రి ఎరువుల కంపెనీలో ఉద్యోగం చేస్తూ 1990లో కర్నూలులో ఒక స్పిరిచ్యువల్ సొసైటీ మొదలుపెట్టారు. ‘శ్వాస మీద ధ్యాస’ అన్న మాట పల్లెల దాకా పోయింది. మేడల మీద చిన్న చిన్న పిరమిడ్లు లేచాయి. రంగారెడ్డి జిల్లా కడ్తాల్‌లో మహేశ్వర మహాపిరమిడ్ వెలిసింది. అదే జిల్లాలో ఉన్న కన్హా శాంతివనం శ్రీరామచంద్ర మిషన్ ప్రధాన కేంద్రం. ఆ మిషన్ పుట్టింది ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో, 1945లో. ఒకేసారి లక్షమంది కూర్చోగల ధ్యానమందిరాన్ని 2020 జనవరిలో కన్హాలో ప్రారంభించారు. ఇక బ్రహ్మకుమారీలు 1930లలో సింధులోని హైదరాబాద్‌లో మొదలై, 1950లో మౌంట్ ఆబూకు చేరుకున్నారు. దాని పగ్గాలు మొదటి నుంచీ ఆడవాళ్ల చేతిలోనే ఎక్కువగా ఉన్నాయి. పూజారి పీట మీద ఎప్పుడూ కూర్చోనివ్వని సమాజంలో ఆడవాళ్లకు అది మామూలు విషయం కాదు.

వీటన్నిటి బోధనలూ ఒకటి కావు. కానీ పైకి కనిపించే కొన్ని పోలికలున్నాయి. పెద్ద పెద్ద క్రతువులుండవు, కళ్లు మూసుకుని కూర్చుంటే చాలు. మాటల్లో శాస్త్రం వాసన ఉంటుంది: శక్తి, తరంగాలు, ప్రకంపనలు. నిష్ఠకన్నా ‘అనుభవం’ ముఖ్యమంటారు. ఇంట్లో కూర్చుని వినే సౌకర్యమూ పెరిగింది. 2007లో భక్తి టీవీ, 2008లో తిరుమల వారి ఎస్వీబీసీ వచ్చాయి. ఆ తరవాత సెల్‌ఫోన్లో అరచేతి మీదే ప్రవచనం. ఒకప్పుడు గురువు కోసం కొండెక్కాల్సి వచ్చేది. ఇప్పుడు గురువే జేబులో ఉంటాడు.

గురువు పోయాక ఏమవుతుందన్నది మరో ప్రశ్న. జర్మన్ పండితుడు మాక్స్ వెబర్ దీని గురించి వందేళ్ల కిందటే రాశాడు. మొదట జనం ఒక వ్యక్తి ఆకర్షణకు లోనై చేరతారు. ఆ వ్యక్తి లేని రోజు వస్తుంది. అప్పుడు ఆ ఆకర్షణ పదవుల్లోకి, నియమాల్లోకి, ట్రస్టుల్లోకి మారితేనే ఉద్యమం నిలుస్తుంది. పుట్టపర్తి సత్యసాయిబాబా 96 ఏళ్లు జీవిస్తారని భక్తులు నమ్మేవారు. 2011 ఏప్రిల్ 24న, 84 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. కొందరు నక్షత్రాల లెక్కలు వేసి ఆ 96 సరిపోయిందన్నారు. కొందరు ఆ ప్రస్తావనే మానేశారు. కానీ 1991లో మొదలైన సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి, అనంతపురం పల్లెలకు నీళ్లిచ్చిన పథకం కళ్ల ముందున్నాయి. చాలామంది విశ్వాసం ఆ పనుల మీద నిలబడింది. సుభాష్ పత్రి 2022 జులై 24న కన్నుమూశాక కూడా కడ్తాల్‌కు జనం వెళ్తూనే ఉన్నారు.

జోస్యం తప్పితే భక్తి పోతుందని మనం అనుకుంటాం. అమెరికాలో 1954 డిసెంబరు 21న ప్రళయం వస్తుందని నమ్మిన ఒక చిన్న బృందంలోకి లియోన్ ఫెస్టింగర్, అతని సహచరులు చేరి చూశారు. ప్రళయం రాలేదు. ఒంటరిగా ఇంట్లో ఉన్నవాళ్లలో నమ్మకం సడలింది. కలిసి ఒకచోట కూర్చున్నవాళ్లలో చాలామందికి అది ఇంకా బిగిసింది. ఇక్కడా అదే సంగతి. పక్కన కూర్చున్న మనిషి బలం జోస్యం బలం కన్నా పెద్దది.

గురువారం ఏం జరిగింది?

బావ పట్టుదల మీద మంగళ, బుధవారాల్లో అత్తకు ఒక్క మాట కూడా చెప్పలేదు నేను. సత్సంగం చూశాకే మాట్లాడతానన్నాను. బావ ఆ గురువారం సగం రోజు సెలవు పెట్టి తాండూరు నుంచి వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు గానీ లోపలికి రాలేదు.

గంటసేపు భజన, ఇరవై నిమిషాలు ధ్యానం. తరవాత ‘అనుభవాలు’ చెప్పుకోవడం. ఒకావిడకు తలనొప్పి తగ్గింది. ఇంకొకావిడ కొడుకు తాగుడు తగ్గించాడు. ప్రతి అనుభవానికీ చప్పట్లు. అయ్యాక, సత్సంగం నడిపే అక్కను పక్కకు పిలిచి మెల్లగా అడిగాను, మందులు మానమని మీరు చెబుతారా అని. ఆమె బిత్తరపోయింది.

“అయ్యో, నేనెందుకు చెప్త సారూ? నేనే థైరాయిడ్ గోళీ వేసుకుంట రోజూ.”

మరి అత్తకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. రెండు నెలల కిందట వేరే ఊరి నుంచి వచ్చిన ఒకాయన, తాను షుగర్ మందులు పారేశాననీ, ధ్యానంతోనే తగ్గిందనీ అనుభవం చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అత్త కూడా కొట్టింది. ఇంటికొచ్చి గోళీల డబ్బా బీరువాలో పెట్టింది.

“ఇప్పుడు ఆయన ఎలా ఉన్నాడు?” అని అడిగాను.

అక్కకు తెలియదు. అక్కడున్న ఎవరికీ తెలియదు. ఆ తరవాత ఆయన మళ్లీ రాలేదు.

ఆ మాట విన్నాక గదిలో కాసేపు చప్పుడు లేదు. అత్త ముఖంలో మొదటిసారి ఒక ప్రశ్న కనబడింది.

అనుభవాలు వినే చోట మనం మరిచిపోయేది ఇదే. తగ్గినవాళ్లు వచ్చి చెబుతారు. తగ్గనివాళ్లు ఇంటిదగ్గర ఉండిపోతారు. లండన్‌లో ఐలీన్ బార్కర్ అనే పరిశోధకురాలు, జనం ‘బుర్ర కడిగేస్తున్నారు’ అని భయపడ్డ ఒక కొత్త మతాన్ని ఏళ్ల తరబడి అధ్యయనం చేసి 1984లో పుస్తకం రాశారు. 1979లో ఆ సంస్థ శిబిరాలకు వెళ్లిన వెయ్యిమందికి పైగా జనంలో దాదాపు తొంభై శాతం మంది చేరనే లేదు. చేరినవాళ్లలోనూ చాలామంది ఒకటి రెండేళ్లలో తమంతట తామే బయటికొచ్చేశారు. బుర్ర కడగడం నిజంగా అంత సులువైతే ఇలా జరగదు కదా? ఇందులో ఇంటివాళ్లకు ఒక ధైర్యం ఉంది, ఒక హెచ్చరిక ఉంది. ధైర్యమేమంటే, చాలామంది వాళ్లంతట వాళ్లే తిరిగొస్తారు. హెచ్చరికేమంటే, తిరిగొచ్చేసరికి ఇంటి తలుపు తెరిచి ఉండాలి. ఫోటో తీసి పారేసిన ఇంటికి ఎవరూ తిరిగి రారు.

గీత ఎక్కడ గీయాలి?

అలాగని అన్నిటికీ తలూపమనడం లేదు. నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. గురువు ఎవరైనా సరే, పాతవాడైనా కొత్తవాడైనా.

మొదటిది ఆరోగ్యం. డాక్టరు రాసిన మందు ఆపమనే మాట ఎక్కడ వినిపించినా అక్కడ ఆగాలి. మన రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి ఒక్కరికీ తన అంతరాత్మ చెప్పిన మతాన్ని అనుసరించే స్వేచ్ఛ ఇచ్చింది. ఆ స్వేచ్ఛకు అదే అధికరణం మూడు హద్దులు పెట్టింది: ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం. షుగర్, బీపీ, క్యాన్సర్ లాంటి జబ్బుల్ని నయం చేస్తామని మందుల పేరుతో గానీ మంత్రతంత్రాల పేరుతో గానీ ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టం నేరమన్నది. కానీ సత్సంగంలో ఒకాయన తన అనుభవం చెప్పేటప్పుడు చట్టం వచ్చేదాకా ఆగలేం. అక్కడికి ఇంటివాళ్లే రావాలి.

రెండోది డబ్బు. హుండీలో ఇష్టంతో వేసే పది రూపాయలు వేరు. భూమి కాగితాలు, బంగారం, అప్పు చేసి ఇచ్చే విరాళం వేరు. లెక్క అడిగితే చెప్పే చోటేనా అన్నది చూడాలి.

మూడోది బంధాలు. పాత స్నేహాలూ, బంధువులూ ఉండగానే కొత్త స్నేహాలు వస్తే మంచిదే. “వాళ్లతో మాట్లాడకు, వాళ్లు నీ సాధనకు అడ్డం” అని ఎవరైనా అంటే అనుమానించాలి.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. వెళ్లిపోతానంటే ఏమంటారు? నవ్వుతూ పంపుతారా, శాపం పెడతారా? మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువని చెప్పి ఆయన చుట్టూ ఒక పెద్ద సంస్థనే కట్టారు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో వేలాదిమంది అనుచరుల ముందు నిలబడి, ఆ సంస్థను రద్దు చేస్తున్నానని ఆయనే ప్రకటించారు. నన్ను అనుసరించకండి అన్నారు. అందరు గురువులూ అంత పని చేయనక్కర్లేదు. వెళ్తానన్న మనిషికి దారి వదిలితే చాలు.

ఆ రాత్రి మేం ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. నేను అత్తకు ఒకటే చెప్పాను: “ధ్యానం మానకు. గోళీ కూడా మానకు. నీ గురువుకు గోళీతో పోటీ ఏముంది?” బావ ఏమీ అనలేదు. చాలాసేపటికి, “అమ్మా, నిద్ర పడుతున్నదా నీకు?” అని అడిగాడు. ఆ ప్రశ్న అడగడానికి అతనికి మూడేళ్లు పట్టింది. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున ఆశా కార్యకర్త వచ్చి వేలికి సూది గుచ్చి చూసింది. పరగడుపున 286. బావ అప్పుడే తల్లిని బండి మీద తాండూరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. నేను హైదరాబాద్ బస్సెక్కాను.

తరవాతి గురువారం భజన అయ్యాక అక్కే ఆశా కార్యకర్తను పిలిపించి వచ్చినవాళ్లందరికీ షుగర్ చూపించిందట. ఇద్దరికి అప్పటిదాకా తెలియకుండానే ఉందట. ఊరి ఆస్పత్రివాళ్లు ఎన్నిసార్లు చెప్పినా రాని ఆడవాళ్లు, చాప మీద కూర్చున్నచోటే చెయ్యి చాపారు. నలుగురినీ ఒక్కచోట చేర్చే బలం ఎంత చెడుకు వాడొచ్చో అంత మంచికీ వాడొచ్చన్నమాట.

దసరాకి మళ్లీ బంట్వారం వెళ్లాను. అత్త మారిపోయిందని చెప్పను. “గురువు దయతోని షుగరు దిగుతున్నది” అనే అంటోంది. గురువు దయా, గోళీయా అని నేను వాదించలేదు. గోడమీద ఫోటో అక్కడే ఉంది, దండ తాజాగానే ఉంది. పొద్దున్నే స్నానం చేసి వచ్చి గోళీల అట్టను ఆ ఫోటో ముందు పెట్టి దండం పెట్టుకుంది. తరవాత ఒక గోళీ చించి నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.

బావ ఇప్పుడు బుధవారం రాత్రి కూడా ఫోన్ చేస్తున్నాడట. “ఏం అడుగుతడు?” అన్నాను.

“ఏముంది, ఏం తిన్నవ్, ఎవలొచ్చిండ్రు, ఏం ముచ్చట అని” అని నవ్వింది అత్త. “గోళీ సంగతి ఆఖర్ల అడుగుతడు.”